నైరుతి మూల గొయ్యి

2023 జులైలో భీమవరం శివార్లలో నేను చూసింది ఒక మహాగాథ. ప్రళయముంది, కోట ఉంది, కోట కింద నలిగిన ప్రజలున్నారు. ఇలా మొదలుపెడదామనుకున్నాను గానీ, ప్రళయమంటే మోకాలి దాకా నీళ్ళు, కోట అంటే ఒక లేఅవుటు ప్రహరీ, ప్రజలంటే ఆ ప్రహరీ పక్కనున్న ఒక వరస పెంకుటిళ్ళ వాళ్ళు. ఆపద్బాంధవుడి వేషానికి దొరికింది నేను. వాననీటి డ్రైన్లు డిజైను చేసే చిన్న కన్సల్టెన్సీలో ఇరవై ఆరేళ్ళ ఇంజనీర్ని. భుజాన ఎత్తుపల్లాలు కొలిచే లెవెల్ మెషీను, కాళ్ళకు తడిసిన బూట్లు.

మా పనిలో రన్ఆఫ్ అంటే నేలలో ఇంకకుండా పైపైన పారిపోయే వాననీరు. ఆ లేఅవుటు అంతకుముందు వరిచేను. చుట్టూ గట్లుండేవి కాబట్టి ఎంత వాన పడినా నీళ్ళు చేలోనే నిలబడి నిదానంగా బోదె కాలువలోకి దిగేవి. ఆ చేనును మట్టి తోలి మెరక చేసి, సిమెంటు రోడ్లు వేశారు. గట్లు పోయాయి, వాన పోలేదు. అలా పెరిగిన నీటిని, అంటే రన్ఆఫ్ వాల్యూమ్‌ని, లేఅవుటులోనే ఆపాలి. అందుకని యజమాని ప్రసాదు గారు ఇంకుడు గుంతలు తవ్వించారు. తొలి పెద్ద వానకే నీళ్ళు కింది ఇళ్ళలో చేరాయి. గుంతలు ఎందుకు పనిచేయలేదో చూడమని మా ఆఫీసు నన్ను పంపింది.

"పనిచేయకపోవడమేంటండి, నిండుగా ఉన్నాయి కదా" అన్నారు ప్రసాదు గారు.

నిండుగానే ఉన్నాయి. అప్పటికి వాన తగ్గి వారమైంది. ఇంకుడు గుంతకు అంతకంటే అవమానం ఇంకోటి లేదు.

సంగతేంటంటే, గొయ్యిలో నీళ్ళు పోసి ఎంతసేపట్లో ఇంకుతాయో చూడటాన్ని పెర్కొలేషన్ టెస్ట్ అంటారు. ఆ టెస్టు మే నెలలో చేశారు. కాలువలకు నీళ్ళు కట్టేసి చేలు ఎండితేనే మా డెల్టాలో ట్రాక్టర్లు దిగగలవు కాబట్టి తవ్వకాలూ అప్పుడే, టెస్టులూ అప్పుడే. ఎండిన నేల పోసినన్ని నీళ్ళు తాగింది, అందరూ సంతోషించారు. జూన్‌లో కాలువలకు నీళ్ళు వదిలాక ఇక్కడ రెండడుగులు తవ్వితే చాలు, ఊట వస్తుంది. జంగారెడ్డిగూడెం మెట్టలోనైతే ఆ గుంతలు బాగానే పనిచేసేవి. ఇక్కడ వాన రాకముందే కిందనుంచి నిండిపోయాయి.

ప్రహరీ పక్కన మొదటి ఇల్లు లక్ష్మీకాంతం గారిది.

"ఇంజనీరు గారా? రండి. బూట్లు విప్పక్కర్లేదు, లోపలా బయటా ఒకటే" అన్నారావిడ.

గదిలో మంచం మీద ఆవిడ భర్త సూర్యం గారు. పక్షవాతం వచ్చినప్పటినుంచీ లేవలేదు. మంచం కోళ్ళ కింద ఇటుకలు పేర్చారు. గోడ మీద నీళ్ళు నిలిచిన గీత మంచం పట్టీకి జానెడు కింద ఉంది. లెవెల్ చూశాను. గది నేల లేఅవుటు రోడ్డుకంటే మూడడుగుల పల్లంలో ఉంది.

"ఆ మెషీను సంగతి నాకు తెలీదు బాబూ. ఇంకో పెద్ద వానొస్తే ఈ మంచం మునుగుద్దా, మునగదా?" అన్నారు లక్ష్మీకాంతం గారు.

"మునగకుండా చేయొచ్చండి."

"చేయొచ్చా, చేస్తారా?"

సూర్యం గారు ఒక్కో మాటా కూడదీసుకుని, "ఇంకో వరస పెట్టు లక్ష్మీ. అలా పెడతా పోతే దూలం అందుద్ది" అన్నారు. హాస్యంలో ఆయన నాకంటే సీనియరు.

దారి ఒకటే ఉంది, డిటెన్షన్ పాండ్. వాననీరు కాసేపు ఆగి, చిన్న పైపులోంచి నిదానంగా మురుగు కాలువలోకి పోయే లోతు తక్కువ చెరువు. అది బాగా పల్లమున్న చోటే తవ్వాలి. ఆ లేఅవుటులో పల్లం నైరుతి మూల.

"నైరుతిలో గొయ్యా? మీరు చదువుకున్నదేంటండి అసలు?" అన్నారు ప్రసాదు గారు. "ఈశాన్యంలో ఎంత కావాలంటే అంత తవ్వుకోండి."

"ఈశాన్యం మెరకండి. నీళ్ళు అటు ఎక్కవు."

"నైరుతిలో గొయ్యుందంటే ఒక్క ప్లాటూ కదలదు. పైగా యజమానికి ప్రాణగండం."

"గండం ఉందండి, కాకపోతే ప్రహరీకి అవతల."

ఆయన హాయిగా నవ్వారు. నవ్వించడం చేతనైంది, తవ్వించడం కాలేదు. సిద్ధాంతి గారిని అడిగి చెబుతానన్నారు. నేను రిపోర్టు రాసిచ్చి వచ్చేశాను.

సిద్ధాంతి గారికంటే వాన ముందొచ్చింది. మంచం పట్టీ మునిగింది. ఇరుగుపొరుగు వాళ్ళు సూర్యం గారిని మంచంతో సహా ఎత్తి, అక్కడ పొడిగా ఉన్న ఒకే ఒక్క చోటికి, అంటే లేఅవుటు రోడ్డు మీదికి చేర్చారు. వాన తగ్గేదాకా టార్పాలిన్ కింద ఉంచి, తర్వాత వ్యాన్లో కొవ్వూరులో ఆవిడ తమ్ముడింటికి తీసుకెళ్ళారు. ఆ నెలలోనే ఆయన పోయారు. న్యుమోనియా అన్నారు డాక్టరు గారు. రన్ఆఫ్ అనే జబ్బు వాళ్ళ పుస్తకాల్లో లేదు.

కొవ్వూరు వెళ్ళి ఆవిడను పలకరించాను. "మునగకుండా చేయొచ్చన్నారు కదా బాబూ" అన్నారు. కోపంగా కాదు, సరిచూసుకుంటున్నట్టు. అవునండి అన్నాను. కాఫీ ఇచ్చారు, తాగాను.

నైరుతి ప్లాట్లు అమ్ముడయ్యాయి. ఈశాన్యంలో చిన్న ఫౌంటెన్ పెట్టారు.

అప్పటినుంచి ఏ లేఅవుటు పని వచ్చినా, మట్టి తోలకముందే, ముందు ప్రహరీ బయటి ఇళ్ళ లెవెల్ తీస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకు చెప్పదగ్గది ఒకటుంది. లెవెల్ స్టాఫ్, అంటే కొలతలున్న ఆ పొడుగాటి కర్ర, గడప మీద పెట్టకూడదు, గది నేల మీద ఆనించాలి. గడపల ఎత్తు ఒక్కో ఇంటికి ఒక్కోలా ఉంటుంది.