తోడుకోని పాలు

వరుసగా రెండో రోజు కూడా పెరుగు తోడుకోలేదు. గిన్నె వంచితే పాలు పాలలాగే జారాయి. తోడు మంచిదే, పక్కింటి నుంచి తెచ్చిందే. కాబట్టి నా అనుమానమంతా పాలావిడ మీదకు పోయింది. తొంభైల చివర్లో మేడ్చల్‌లో మా కాలనీ అప్పుడప్పుడే లేస్తోంది. పక్క ఊరి నుంచి ఆవిడ రెండు గేదెల పాలు తెచ్చి ఎనిమిది ఇళ్లకు పోసేది.

నీళ్లు కలిపిందేమోనని లాక్టోమీటర్ ముంచాను. సరిగ్గానే తేలింది. గంజేమోనని అయోడిన్ చుక్క వేశాను. నీలం రాలేదు. ఏదీ దొరక్కపోయేసరికి అనుమానం తగ్గాల్సింది, నాకు పెరిగింది. మర్నాడు గుమ్మంలోనే నిలదీశాను.

"ఏం కలుపుతున్నావమ్మా పాలల్లో?"

"కలుపుడేంది? పెద్ద బర్రెకు పొదుగు వాసింది. శామీర్‌పేట నుంచి పశువుల డాక్టర్ వచ్చి చన్నులల్ల పెన్సిలిన్ మందు ఎక్కించిండు. మూడు దినాలు పాలు అమ్మొద్దన్నడు. ఎట్ల పారబోస్త? మీరు కాగబెట్టుకుంటరు గదా, పోతదనుకున్న. గందుకే తోడుకుంటలేదేమో."

పెన్సిలిన్ గురించి నాకే చెబుతోంది. పెళ్లికి ముందు మూడేళ్లు మేడ్చల్‌కి దగ్గర్లోనే ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో ఆ జాతి మందుల్నే పరీక్షించేదాన్ని. తేమ తగిలితే పాడు, వేడి తగిలితే పాడు. మూత సరిగా బిగించని సీసాలో పొడి కొన్నాళ్లకే బలం కోల్పోయేది. బాక్టీరియా పెంచిన గాజు పళ్లెంలో ఆ మందు చుట్టూ ఏర్పడే తేట వలయం చిన్నదైపోయేది. అంత సున్నితమైనది మూడు పొంగులు కాచిన పాలల్లో మిగిలి, తోడులోని బాక్టీరియాను చంపుతుందా?

"కథలు బాగానే చెబుతున్నావ్. రేపట్నుంచి మాకు పాలు వద్దు."

"ఉన్నదున్నట్టు చెప్పిన గదమ్మా. గీ ఎనిమిది ఇండ్ల మీదనే మా ఇల్లు నడుస్తాంది."

ఊరుకోలేదు. ఇంటింటికీ చెప్పాను. వారం తిరిగేసరికి ఆవిడకు రెండు ఇళ్లు మిగిలాయి.

"మరిగిస్తే ఆ మందు పోతుందని నువ్వు చూశావా, ఊరికే అంటున్నావా?" అన్నాడు మా ఆయన ఒకరోజు అన్నం కలుపుకుంటూ.

గంటసేపు వాదించాను కానీ చూడలేదన్నది నిజం. ల్యాబ్‌లో మేం చూసేది వారాలు, నెలలు. పొయ్యి మీద పది నిమిషాలు ఎవరూ చూడలేదు. ప్యాకెట్ పాలు రెండు గిన్నెల్లో పోశాను. ఒకదాంట్లో పెన్సిలిన్ జాతిదే అయిన ఆంపిసిలిన్ గొట్టం మాత్ర విప్పి నాలుగు రవ్వలు రాల్చాను. రెండూ ఒకేలా కాచి, చల్లార్చి, ఒకే తోడు వేశాను. పొద్దున ఒక గిన్నెలో గడ్డ పెరుగు. రెండో గిన్నెలో పాలు.

ఆ సాయంత్రమే వాళ్ల ఊరికి వెళ్లాను. ఆవిడ గేదెను కడుగుతోంది.

"నువ్వు చెప్పింది నిజమే. అందరికీ చెబుతాను. కానీ మందు పాలు పోయడం మాత్రం తప్పే" అన్నాను.

"తప్పని ఒప్పుకున్న గదా. ఒప్పుకున్నందుకే ఇండ్లు పోయినయి. సప్పుడు జెయ్యకుంటే మూడు దినాలకు అదే తోడుకునేది."

"మళ్లీ మందు ఎక్కిస్తే చెబుతావా?"

"మీరైతే చెప్తరా అమ్మా?"

మర్నాడే కాలనీలో ఆ మాట చెప్పడానికి బయల్దేరాను. మళ్లీ ఇల్లిల్లూ తిరిగితే నాలుగు ఇళ్లవాళ్లు ఒప్పుకున్నారు. మేమూ పోయించుకున్నాం. పెరుగు చాలా రోజులు గట్టిగానే ఉండేది. ఎప్పుడైనా పలచబడితే అడిగేదాన్ని.

"సలికాలం గదమ్మా" అనేది, నా మొహంలోకి చూడకుండా.

చలికాలమే. అయినా ఆ రోజు పెరుగు పిల్లలకు పెట్టేదాన్ని కాదు.