పండుగ దాకా ఆగిన జీపు

మా మేనమామ పోయిన కబురు అత్త ఫోన్లో చెప్పింది. అప్పుడు నేను వైరాలో జీపు టైర్లు బేరమాడుతున్నాను. "మీ మామ పొద్దుగాల కన్నుమూసిండు పిల్లా. మెల్లగ రా, బండి ఉరికియ్యకు. ఆయన ఆగుతడు," అంది. ఏడుస్తూ కూడా ఆ మాట అనకుండా ఉండలేకపోయింది. మామ ఆగే మనిషని మా జిల్లాలో జీపు పందేలు తెలిసిన వాళ్లందరికీ తెలుసు. కొందరు దాన్ని ఎగతాళిగా చెప్పుకునేవారు. నేను గొప్పగానే చెప్పుకుంటాను.

మామది ములకలపల్లి దారిలో చిన్న మెకానిక్ షెడ్డు. బురద పందేలంటే ఆయనకు పిచ్చి. వానలు పడగానే గోదావరి అవతల మొదలయ్యే పందేలకు ఒక పాత జీపును తానే విప్పి, తానే బిగించి తీసుకెళ్లేవాడు. టీమంటే మేమిద్దరమే. తిప్పేది నేను, తిట్టేది ఆయన. ఆడపిల్ల చేతికి స్టీరింగేంటని బంధువులు అడిగితే, "దాని చేతులకేమైంది, బాగనే ఉన్నయి గద," అనేవాడు. పానా ఎవరైనా కాలితో జరిపితే ఆ రోజంతా వాళ్లతో మాట్లాడేవాడు కాదు. ఆదివారం ప్రార్థన ముగిసేదాకా తాను కూడా దాన్ని ముట్టేవాడు కాదు.

మాకు ప్రాక్టీసుకు చోటిచ్చింది అడవి అంచునున్న కోయ గూడెం. వాగు పక్కన ఎర్రమట్టి బీడు. మేం తాతా అని పిలిచే గూడెం పెద్ద ఒకటే షరతు పెట్టాడు. భూమి పండుగ కాకముందు గూడెంలో నాగలి దిగదు, కాబట్టి మా బండీ దిగకూడదు. ప్రతి ఏడూ వేసవి చివర పండుగ అయిపోయేది, ఆ మర్నాడే మేం దిగేవాళ్లం.

నేను మొదటిసారి పందెంలో నడపాల్సిన ఏడాది, గూడెంలో ఒక చావు జరిగి పండుగ వెనక్కి పోయింది. మిగతా టీములన్నీ టెస్టింగు మొదలుపెట్టేశాయి. మా జీపు మాత్రం బీడు గట్టున నిలబడే ఉంది. కొత్తగా బిగించిన బండి, కొత్త డ్రైవరు. పట్టు చిక్కకుండా పందెంలో దిగితే బోల్తా పడతాం, లేదంటే మొదటి గుంటలోనే దిగబడి నవ్వులపాలవుతాం. వేరే చోటు చూద్దామని మామను బతిమాలాను.

"ఇన్నేండ్లు గీ నేల మీదనే నేర్చుకొని, ఇప్పుడు కొన్ని దినాలు ఆగుమంటే వేరే నేల చూసుకుంటమా?" అన్నాడు.

ఆ ఏడు ఖర్చులు పెట్టుకుంటానన్న ఖమ్మం టైర్ల వ్యాపారి కారేసుకుని వచ్చాడు. వస్తూనే మామ మీద పడ్డాడు.

"ఏందన్నా ఇది? నాగలి వద్దన్నరు గాని, జీపు వద్దన్నరా?"

"గీరుడు గీరుడే. నాగలైనా టైరైనా భూమికి ఒక్కటే," అన్నాడు మామ.

"నువ్వు చర్చికి పోయేటోనివి. నీకెందుకు వాళ్ల పట్టింపు?"

"మా దేవుడు ఆదివారం ఆగుమన్నడు. వాళ్ల భూమితల్లి పండుగ దాకా ఆగుమన్నది. ఆగుడు నాకు అలవాటే."

వ్యాపారి మొహం గంటు పెట్టుకుని, బానెట్ మీదున్న తన దుకాణం స్టిక్కర్ తీసేయమన్నాడు. మామ బ్లేడు తెచ్చి ఆయన చేతికే ఇచ్చాడు. "మెల్లగ పీకుండ్రి, రంగు పోవద్దు." నాకు నవ్వాగలేదు. కారు వెళ్లిపోయాక మాత్రం మామ ఆ ఖాళీ జాగాను అరచేత్తో తడుముతూ ఖర్చులు లెక్కేసుకున్నాడు.

అప్పటినుంచి రోజూ సాయంత్రం నా చెప్పులు విప్పించి బీడంతా నడిపించేవాడు. ఎక్కడ ఇసుక, ఎక్కడ జిగట మట్టి, ఎక్కడ రాయి అని అడుగడుగునా అడిగేవాడు. "కాలికి తెలిస్తే స్టీరింగుకు తెలుస్తది" అని ఆయన నమ్మకం. తర్వాత ఇంజను ఆపిన జీపులో కూర్చోబెట్టి గేర్లు మార్పించేవాడు. ఇంజను మోత ఆయన నోటితోనే చేసేవాడు. అటుగా మేకలు తోలుకెళ్లే వాళ్లు ఆగి మరీ నవ్వేవారు. ఆయన గేరు తగ్గించకుండా ఇంకా గట్టిగా మోగేవాడు.

పండుగ రోజు గూడెం ఆడవాళ్లు దారికి అడ్డంగా గుంజ పెట్టి, పాటలు పాడుతూ వచ్చే పోయే బండ్లను ఆపి కానుక అడుగుతారు. మమ్మల్నీ ఆపి, మామను బురదనీళ్లతో ముద్ద చేసి గానీ వదల్లేదు. తాత దొప్పలోంచి గుప్పెడు విత్తనాలు తీసి, బానెట్ మీద స్టిక్కర్ పోయిన చోట చల్లాడు. "ఇగ గీరుకోండ్రి," అన్నాడు. మాకు టెస్టింగుకు మిగిలింది ఒక్క పూట.

పందెం గెలిచామని రాయాలని ఉంది. గెలవలేదు. చివరి నుంచి లెక్కపెడితే తొందరగా దొరుకుతాం. కానీ బోల్తా పడలేదు, ఎవరూ తాడు కట్టి లాగలేదు, మా ఇంజను మీదే మేం గీత దాటాం. బానెట్ మీద ఎవరి పేరూ లేదేమని ఒకాయన అడిగితే, "ఉన్నది, మీకు కనబడ్తలేదు," అన్నాడు మామ.

మొన్న సమాధుల తోటలో పాస్టరుగారు ప్రార్థన ముగించి మట్టి వేయమంటుండగా, తాత కర్ర ఊతంతో వచ్చాడు. రెండో చేతిలో మోదుగాకు దొప్ప, దాన్నిండా మా బీడు ఎర్రమట్టి. ఈ ఏడు పండుగ ఇంకా కాలేదు.

"తాతా, పండుగ కాకముందే నేల గీరినవా?"

"అవ్, ఈ చేతితోనే. భూమిని అడిగిన. నేను ఆగుమన్నప్పుడల్లా ఆగిండు, ఆయన కోసం ఒక్కపారి గీరనా అన్న."

వేరే దేవుళ్ల మట్టి ఇక్కడెందుకని వెనక ఎవరో గొణిగారు. అత్త కన్నీళ్లు తుడుచుకుని తలెత్తింది. "వెయ్యనియ్యుండ్రి. అది మా ఆయన మట్టే," అంది. పాస్టరుగారు పక్కకు జరిగి తాతకు దారిచ్చారు.

మర్నాడు ఇప్పటి మా స్పాన్సర్ ఫోన్ చేశాడు. సంతాపం చెప్పి, అందరూ టెస్టింగు మొదలుపెట్టారు, మీరెప్పుడని అడిగాడు. పండుగయ్యాక అన్నాను. ఆగలేకపోతే స్టిక్కర్ పీక్కోవచ్చని, బ్లేడు నా దగ్గరే ఉందని కూడా అన్నాను. జీపును గట్టున ఆపి, చెప్పులు విప్పి బీడులోకి దిగాను. అంత నేలలో ఎక్కడా మట్టి చెదరలేదు. వాగు పక్కన మాత్రం దోసెడంత గుంట ఉంది. దాని అంచున తాత వేళ్ల గీరలు ఇంకా చెరగలేదు.