అక్క ఇచ్చిన కిడ్నీ నిద్ర లేచేవరకు

సహోదరులారా, సహోదరీలారా, ఇక్కడ నిలబడి సాక్ష్యం చెప్పమని మన పాస్టరు అయ్యగారు చాలాసార్లు అడిగారు, ప్రతిసారీ వచ్చే ఆదివారం అంటూ తప్పించుకున్నాను. సాక్ష్యం అంటే ఏడ్చాము, ప్రార్థించాము, వెంటనే బాగయ్యాము అన్నట్టు ఉండాలని అనుకునేవాణ్ణి, నా సంగతి అలా జరగలేదు. అందులో ఏడుపు కంటే విసుగే ఎక్కువ. అయినా దేవుడు నన్ను బతికించి మీ ముందు నిలబెట్టాడు గనుక జరిగింది జరిగినట్టే చెబుతాను.

నా పేరు రాజేశం. మాది సిరిసిల్ల దగ్గర చిన్న పల్లె. మీసాలు రాకముందే భివండి వచ్చి ఇక్కడి టెంఘర్‌లో సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, బట్ట నేశాను, తరువాత చెడిపోయిన సాంచాలు బాగుచేసే పనిలో పడ్డాను. తలనొప్పి వస్తే సాంచాల చప్పుడు వల్ల అనుకున్నాను, కాళ్ళు వాస్తే పొద్దంతా నిలబడడం వల్ల అనుకున్నాను, అన్నం ముందు పెడితే వాంతి వస్తే పైత్యం అన్నారు, నిమ్మకాయ నీళ్ళు తాగించారు. చివరకు ఊపిరి ఆడక పడిపోతే ఆసుపత్రిలో చెప్పారు, బీపీ ఎప్పటినుంచో ఉందట, నాకు తెలియకుండానే రెండు కిడ్నీలనూ తినేసిందట.

అప్పటినుంచి డయాలసిస్ మొదలైంది. భివండి రోడ్ స్టేషన్‌లో మనకు కావలసిన వేళకు బండి ఉండదని మీకు తెలుసు గదా, అందుకని నేనూ నా భార్య పద్మా ఆటోలో ఠాణే పోయి అక్కడినుంచి ముంబయి పోయేవాళ్ళం, అంజూర్ ఫాటా దగ్గర లారీలు అడ్డం తిరిగి నిలబడితే ఆ ఎండలో, ఆ పొగలో కూర్చుని, దాహంతో నాలుక పిడచకట్టుకుపోతున్నా నీళ్ళు తాగకూడదు గనుక పద్మ తడిగుడ్డతో నా పెదవులు తుడుస్తుంటే, ప్రభువా, ఇది ఏం బతుకు అని లోలోపల గొణుక్కునేవాణ్ణి.

డాక్టరమ్మ ఒకరోజు, ఇంట్లోవాళ్ళు, రక్తసంబంధీకులు ఎవరైనా కిడ్నీ ఇస్తే ఈ తిప్పలు తప్పుతాయి అంది. పద్మది నాకు సరిపోలేదు. పద్మే ఎస్టీడీ బూత్ నుంచి ఊళ్ళో మా అక్క లచ్చవ్వకు ఫోన్ చేసి సంగతి చెప్పింది, అంతే, కిడ్నీ ఇమ్మని అడగలేదు. మా అక్క బీడీలు చుట్టుకొని బతుకుతుంది, నాకంటే పెద్దది, నన్ను ఎత్తుకొని పెంచింది. చాట పక్కన పెట్టేసి బస్సెక్కి వచ్చేసింది. మా బావ వెనకాలే వచ్చి, పిల్లలున్నరు, జర ఆలోచన చెయ్యి అంటే ఆమె, “నిన్ను అడుగుతలేను, నీకు చెప్తున్న” అంది.

మా అక్క విశ్వాసి కాదు. నేను ప్రార్థన చేసి మొదలుపెడదాం అంటే నవ్వింది.

“నీ దేవుడు నీకున్నడు, నా దేవుడు నాకున్నడు. కిడ్నీ అయితె ఇద్దరికి సరిపోయింది గదా. గింత ముచ్చటెందుకు?”

ఆపరేషన్ రోజు మన సంఘమంతా ఉపవాసం ఉన్నారు, ఆ సంగతి నేను మరచిపోను. మత్తు దిగి కళ్ళు తెరవగానే నేను అడిగిన మొదటి మాట, మూత్రం వచ్చిందా అని. పక్క మంచం మీది ముసలాయనకూ కిడ్నీ మార్చారు, ఆయనకు ఆపరేషన్ బల్ల మీదనే ధారగా వచ్చిందట, ఆయన మూత్రం సంచి నిండుతుంటే నర్సులు మార్చలేకపోతున్నారు, నా సంచి మాత్రం వేసింది వేసినట్టే ఉంది. డాక్టరమ్మ వచ్చి పొట్ట మీద చెయ్యి పెట్టి, “సో రహీ హై, కిడ్నీ నిద్రపోతోంది, లేస్తుంది” అని హిందీలో చెప్పి వెళ్ళిపోయింది. రక్తనాళం అతికించడానికి అనుకున్నదానికంటే ఎక్కువ సేపు పట్టిందట, రక్తం అందక కిడ్నీ దెబ్బతిని అలసిపోయిందట. ఎప్పుడు లేస్తుంది అని అడిగితే, చూద్దాం అంది.

ఆ “చూద్దాం” అనే మాట ఎన్నిసార్లు విన్నానో దేవునికే తెలుసు. స్కానింగ్ చేశారు, రక్తం బాగానే పారుతోంది, చూద్దాం. సూదితో పొడిచి కిడ్నీలోంచి ముక్క తీసి పరీక్ష చేశారు, ఒళ్ళు దాన్ని తిప్పికొట్టడం లేదు, మంచిదే, చూద్దాం. ఈలోపల మళ్ళీ డయాలసిస్. ఏ మిషను నుంచి తప్పించుకోవాలని మా అక్కను కోయించుకున్నామో, సహోదరులారా, అదే మిషనుకు కొత్త కిడ్నీతో సహా నన్ను తీసుకుపోయి కట్టేవారు.

బయట మనుషులు ఊరుకోరు గదా. నన్ను చూడనివ్వడం లేదని వచ్చినవాళ్ళంతా పద్మకు సలహాలు చెప్పి పోయేవారు. ఒకాయన ఆసుపత్రి మార్చమన్నాడు, కడుపులో పెట్టిన కిడ్నీని సంచిలో వేసుకొని మార్చడానికి అది ఏమన్నా కిరాయి ఇల్లా? ఇంకొకామె ఏదో ఆకు పసరు పట్టుకొచ్చింది. మన సంఘంలోని ఒక సహోదరుడు, ఇవాళ రాలేదు, వచ్చినా ఈ మాట చెప్పేవాణ్ణే, మీ ఆయన ఒప్పుకోని పాపం ఏదో లోపల ఉంది, అది బయటపడితే మూత్రం వస్తుందమ్మా అన్నాడు. పద్మ వచ్చి ఆ మాట చెప్పి, “ఏమన్న ఉంటె చెప్పేసెయ్యరాదు, పనైపోతది” అంది. ఆమె నవ్వలేదు, నాకూ నవ్వు రాలేదు. ఎంత వెతికినా ఆ పూటకు కనిపించిన పాపమల్లా పక్క మంచం ముసలాయన సంచి మీద అసూయ ఒక్కటే.

వీళ్ళందరికంటే మా అక్కతోనే పెద్ద కష్టం. ఆమెను ఆసుపత్రి నుంచి పంపేశాక దగ్గరలోనే మన విశ్వాసుల ఇంట్లో ఉంచారు. లోపలికి పోనివ్వకపోతే నర్సులతో కొట్లాడి, ముఖానికి గుడ్డ కట్టుకొని, కోసిన పక్కను చేత్తో అదిమిపట్టుకొని రోజూ పొద్దున్నే వచ్చి ఒకటే మాట అడిగేది.

“ఒంటికి వచ్చిందారా?”

“రాలేదక్కా.”

“నా కాడ ఉన్నన్ని దినాలు మంచిగనే పనిచేసింది. నీ కాడికి రాంగనే ఏమైంది దానికి? నువ్వే ఏదో చేసినవ్.”

నేనేం చేస్తాను, పడుకొని ఉన్నాను. ఆమె అడుగుల చప్పుడు వింటేనే నాకు భయం పట్టుకునేది.

ఒక మధ్యాహ్నం ఇక నావల్ల కాదనిపించింది. డయాలసిస్ ఇంటి దగ్గరనుంచి వచ్చిపోతూ కూడా చేయించుకోవచ్చు, ఇంటికి పోతాను, ప్యాంటు ఇయ్యి అని పద్మను అడిగాను. పద్మ నా బట్టల సంచి స్టూలు మీద పెట్టి దాని మీద కూర్చుంది. నేను అరుస్తున్నాను, ఆమె కదలడం లేదు, అప్పుడే మా అక్క వచ్చింది. సంగతి విన్నది.

“పో. నిన్ను ఎవరు ఆపుతున్నరు? గాని నా కిడ్నీ ఈడ పెట్టి పో.”

ఎంత కోపంలో ఉన్నానో అంత నవ్వొచ్చింది నాకు, కుట్లు పట్టుకొని నవ్వాను, పద్మా నవ్వింది, మా అక్క కూడా నవ్వుతూ, “నవ్వియ్యకుర్రి, కుట్లు గుంజుతున్నయ్” అంటూ మంచం పట్టె మీద కూర్చుంది. కూర్చున్నాక నవ్వు ఆగిపోయింది.

“నాకు భయమైతుంది తమ్మీ,” అంది మెల్లగా. “ఊకనే పోయిందా అని. నీకూ కాకపాయె, నాకూ కాకపాయె.”

సహోదరులారా, రోజూ పొద్దున ఆమె అడుగుతున్నది ఇదని నాకు అప్పుడు తెలిసింది. అప్పుడు ప్రార్థన చేశాను. నాకు వచ్చిన భాషలోనే చేశాను.

“ప్రభువా, నాకు యాష్టకొచ్చింది. అందరు ఆగుమంటున్నరు, ఎన్నాళ్ళని ఆగాలె? మా అక్కను కోసిన్రు, నన్ను కోసిన్రు, నువ్వైతె సప్పుడు చేస్తలేవు. నాకు తియ్యటి మాటలు వస్తలేవు. నా కోసం కాకుంటె మా అక్క మొకం జూసన్న దాన్ని లేపు. నీ ఇష్టమే కానియ్యి అని నోటితోటి అంటున్న, మనసుతోటి అంటలేను, అది గూడ నువ్వే జూసుకో. ఆమెన్.”

మా అక్క నా వైపు వింతగా చూసింది.

“దేవునితోటి గట్ల మాట్లాడుతర్రా?”

“ఇంకెట్ల మాట్లాడాలె?”

 ఆమె కూడా, మాట సరిగా నోరు తిరగకపోయినా, “ఆమెన్” అంది.

ఆ రోజు మూత్రం వచ్చిందని చెబితే మీకు బాగుంటుంది, కాని రాలేదు. మరునాడూ రాలేదు. మళ్ళీ డయాలసిస్‌కు తీసుకుపోయారు. కాని ప్యాంటు మళ్ళీ అడగలేదు నేను. నా విసుగంతా ప్రభువు దగ్గర పెట్టేశాను, ఆయన దాన్ని చూసి భయపడలేదు, నన్ను వెళ్ళగొట్టలేదు, ఆ సంగతి లోపల ఎక్కడో తెలిసింది. చెప్పడానికి నాకు ఇంతకంటే మాటలు లేవు.

తరువాత ఒక ఉదయం నర్సు సంచి వైపు వంగి చూసి, మళ్ళీ చూసి, డాక్టరమ్మను పిలుచుకొచ్చింది. అడుగున కొంచెం, టీ కప్పులో మిగిలిపోయినంత. డాక్టరమ్మ ఈసారి “చూద్దాం” అనలేదు, నా భుజం తట్టింది.  అంతలో మా అక్క వచ్చింది, అడగకముందే నేను సంచి వైపు చూపించాను. ఆమె వంగి చూసింది.

“గింతనేనా?” అంది. అని, గోడ వైపు తిరిగి కొంగుతో ముఖం తుడుచుకుంది.

అది రోజురోజుకూ పెరిగింది, డయాలసిస్ ఆపేశారు, రక్తంలో విషం తగ్గింది, చివరకు తాగు, ఇంకా తాగు అని నీళ్ళ కోసం నర్సులే వెంటపడే రోజు వచ్చింది. దేవునికే మహిమ. నేను ఇంటికి వచ్చాను. మాత్రలు జీవితాంతం మింగాలి, బరువైన పని చేయకూడదు, పిల్లగాళ్ళకు సాంచాల పని నేర్పిస్తూ బతుకుతున్నాను. మా అక్క ఊరికి పోయి మళ్ళీ బీడీలు చుడుతోంది, ఆరోగ్యంగా ఉంది, ఇప్పటికీ తన మొక్కులు తనవే, ఆమె కోసం నేను చేసే ప్రార్థన నాదే.

నిద్రపోయిన కిడ్నీలు తమంతట తామే లేస్తాయట గదా, ఇందులో దేవుడు చేసిందేమిటి అని ఒకాయన నన్ను అడిగాడు. కొన్ని లేస్తాయి, కొన్ని లేవవు, లేవనివాళ్ళను నేను ఆ వార్డులోనే చూశాను, వాళ్ళలో నాకంటే మంచి విశ్వాసులు ఉన్నారు. నాది ఎందుకు లేచిందో నాకు తెలియదు. డాక్టర్ల చేతులనూ తక్కువ చేయను. ఆ చేతుల వెనక ఉన్నది ఎవరో, నేను అరిచినప్పుడు విన్నది ఎవరో మాత్రం నాకు తెలుసు.

మీలో ఎవరైనా ఏదో ఒకదాని కోసం ఆగి ఆగి అలసిపోయి, ప్రార్థన అనేసరికి నోరు చేదవుతున్నవాళ్ళు ఉంటే, వెనక వరుసలో తల వంచుకొని కూర్చున్నవాళ్ళు ఉంటే, మీకోసమే ఇదంతా చెప్పాను. మంచి మాటలు దొరికాక ప్రార్థిద్దాం అని ఆగకండి. కోపం ఉంటే కోపంతోనే యేసయ్య దగ్గరికి రండి, విసుగుంటే ఆయన ముందే విసుక్కోండి. ఆయన లేచి వెళ్ళిపోడు.