ఒకే గుమ్మం ఉన్న ఇల్లు

మొన్న మా మనవరాలు ఒక పత్రిక తెచ్చి అందులో మా మరిది ఫొటో చూపించింది. ఏదో పరాయి దేశంలో తాను కట్టిన పెద్ద భవనం ముందు నిలబడి ఉన్నాడు, జుట్టంతా నెరిసిపోయింది. ఏ దేశంలో కట్టినా, ఒక్క గీత గీయకముందే అక్కడ ఉండబోయేవాళ్ల మధ్య రోజంతా ఊరికే కూర్చుంటాడట. ఈ పద్ధతి ఎక్కడ నేర్చారని అడిగితే కొండవీడు కోట చూసి నేర్చుకున్నానన్నాడట మహానుభావుడు. నాకు నవ్వొచ్చింది. ఆ పాడుబడ్డ కోటలో ఎవరున్నారని, పక్కన కూర్చోవడానికి?

పంతొమ్మిది వందల నలభైల్లో నేను కాపరానికి వచ్చిన ఇల్లు నరసరావుపేట దగ్గరి పల్లెలో ఉండేది. దొంగల భయానికి మందపాటి రాతిగోడలు లేపి, పైన నాపరాళ్లు పరిచి, వీధి గుమ్మం తప్ప రెండో దారి లేకుండా కట్టారు. వంటింట్లోంచి ఎటు వెళ్లాలన్నా ముందు వసారా దాటాలి, అక్కడేమో మా మామగారు ఊరి తగాదాలు తీరుస్తూ కూర్చునేవారు. మామగారి ఎదుట, పరాయి మగవాళ్ల ఎదుట కోడలు నడిచి వెళ్లడం మా ఇళ్లలో లేదు. వాళ్లు లేచేదాకా అత్తగారూ నేనూ ఆ పొగలోనే. దాహమేసినా నీళ్లు తాగేవాళ్లం కాదు, ఎందుకో మా కాలపు ఆడవాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఒకనాటి ఉదయం శావల్యాపురం నుంచి మా పుట్టింటి పాలేరు బండి కట్టుకొచ్చాడు, అమ్మకు ప్రాణం మీదికొచ్చిందని, నన్ను చూడాలంటోందని. మామగారు వెంటనే పంపమన్నారు, కానీ పొలం గట్టు తగాదా ముదిరి, వసారా నిండా జనం చేరి, ఆ మాటే మరిచిపోయారు. బయట పాలేరు ముందు నేనింకా చీర మార్చుకుంటున్నాననుకున్నాడు, తర్వాత పెద్దల మధ్య నోరెత్తడానికి జంకాడు. మా ఆయన ఆ రోజు ఊళ్లో లేరు. నేను మూట పట్టుకుని తలుపు చాటున నిలబడ్డాను. ఇదిగో లేస్తారు, ఇంకాసేపు ఓర్చుకోమని అత్తగారు. గొంతెత్తి అరవాలనిపించింది, అరవలేదు. పొద్దు వాలాక గాని వాళ్లు లేవలేదు. నేను చేరేసరికి అమ్మను శ్మశానానికి తీసుకెళ్లిపోయారు.

"ఏమే, నాకొక్క మాట చెప్పొచ్చు గదే!" అని మామగారు అత్తగారి మీద విరుచుకుపడ్డారట. ఎలా చెబుతుంది, ఆమె కూడా నాతోపాటు లోపలే ఉందాయె.

ఆ వేసవిలో, బొంబాయిలో కట్టడాల చదువు చదువుతున్న మా మరిది సెలవులకు వచ్చాడు. సంగతంతా విని, మర్నాడు వంటింట్లో పీట వేసుకుని దీపాలు పెట్టేదాకా కూర్చున్నాడు. మగవాడు పొయ్యి దగ్గర చేరాడని ఊరంతా నవ్వింది.

"వదినా, నీకు బయటికి పోవాలనిపిస్తే ఏంజేస్తావు?" అన్నాడు.

"అనిపించకుండా చూసుకుంటా" అన్నాను.

అంతే, వెనక గోడ పగలగొట్టించాడు. "ఒరేయ్, దొంగలకి దారి చూపిస్తన్నావేందిరా!" అని మామగారు కేకలేశారు గానీ, చివరికి తామే దగ్గరుండి గుమ్మం నిలబెట్టించారు. మా మరిది తర్వాత ఎన్ని కట్టినా, నా లెక్కలో అదే మొదటిది.

ఇప్పుడు మా కోడలు మా ఆయన ఎదుటే కుర్చీ వేసుకుని పేపరు చదువుతుంది. చూసి సంతోషిస్తాను, కాస్త అసూయ కూడా పడతాను. వెనక గుమ్మం నిలబెట్టిన రోజు దానికి పసుపు రాసి, ముందు నన్నే దాటమన్నారు అత్తగారు. దాటాను. ఎవరూ అడ్డం లేకుండా పెరడు దాటి, శావల్యాపురం వెళ్లే బండిదారి దాకా నడిచాను. అక్కడ నిలబడ్డాక గాని తెలియలేదు, ఇక ఆ దారిన నేను ఎవరికోసమూ వెళ్లనక్కర్లేదని.