మా సినిమాకి వచ్చిన రిజిస్టర్డ్ పోస్టు

ఇరవై ఏళ్ళ వయసులో నచ్చిందల్లా మనదే అనిపిస్తుంది. నచ్చిన పాట మనకోసమే కట్టినట్టు, నచ్చిన సినిమా మనం తీయాల్సింది పొరపాటున ఇంకెవరో తీసేసినట్టు. బందరులో ఇంజనీరింగు చదివే రోజుల్లో నేనూ, నా ఇద్దరు స్నేహితులూ సరిగ్గా ఈ జబ్బుతోనే ఉండేవాళ్ళం. మా ముగ్గురికీ ప్రాణమైన సినిమా వరుస ఒకటుండేది, సముద్రం మీద దొంగల పనిపట్టే ముసుగు వీరుడి కథ. (పేరు రాయడం లేదు. ఎక్కడా వాడనని కాగితం మీద సంతకం పెట్టాను.) రెండో భాగం చివర ఓడ పేలిపోయి వీరుడు నీళ్ళలో పడిపోతాడు. తెర నల్లబడుతుంది. మూడో భాగం కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూశాం, రాలేదు.

"నీళ్ళలో పడ్డవాడు ఎక్కడో ఒకచోట తేలాలిగా? మన దివిసీమలో ఎందుకు తేలకూడదూ?" అన్నాడు ఒకరోజు కాలేజీ క్యాంటీన్లో మా గుడివాడ స్నేహితుడు. క్లాసులో మగపిల్లలంతా అతణ్ణి బావా అని పిలిచేవారు. నాకు అలా పిలవడం ఇబ్బందిగా ఉండి, వేళాకోళంగా "డైరెక్టరు గారూ" అనేదాన్ని. అతను దాన్ని వేళాకోళం అనుకోలేదు, అక్కడే వచ్చింది చిక్కు. మూడో భాగం మనమే తీసేద్దామన్నాడు. వీరుడి వేషం నాగాయలంక నుంచి వచ్చే పొడుగాటి స్నేహితుడికి దక్కింది, అతణ్ణి 'పొడుగు' అనే పిలిచేవాళ్ళం. నటన వచ్చని కాదు, వాళ్ళ చిన్నాన్నకి పడవ ఉందని. కథ రాయడం, దుస్తులు కుట్టడం నా వంతు. మాది పెడన, నాన్న కలంకారీ అద్దకం చేస్తారు. షెడ్డులో ఆరేసిన నల్లటి గుడ్డ ముక్కొకటి ఎవరికీ చెప్పకుండా తెచ్చి ముసుగు కుట్టాను. అది కరక్కాయ నీళ్ళలో ముంచి, అచ్చువేసి, ఇంకా ఉతకని గుడ్డ అన్న సంగతి, అద్దకం ఇంట్లో పుట్టి కూడా, నాకు తట్టలేదు.

మొదటి సీను వీరుడు సముద్రంలోంచి నడిచి రావడం. మా పొడుగు, పడవ దిగి గంభీరంగా రెండడుగులు వేసి మోకాళ్ళ దాకా బురదలో దిగబడ్డాడు. "అలాగే ఉండు! ఆ బాధ మొహంలో కనపడనీ!" అని ఫోను పట్టుకుని అరుస్తున్నాడు డైరెక్టరు. "బాధ కాదురా, చెప్పు పోయింది!" అని వీరుడు. సాయంత్రం ముసుగు తీస్తే కరక్కాయ రంగు దిగి మొహమంతా పసుపుపచ్చ. ఎంత కడిగినా వదల్లేదు. వాళ్ళమ్మగారు పచ్చకామెర్లని హడలిపోయి వారంరోజులు మజ్జిగన్నం తప్ప ఏమీ పెట్టలేదు. మరుసటి ఆదివారం మా వీరుడు నిజంగానే చిక్కిపోయి వచ్చాడు. కథకి అదీ కలిసొచ్చింది.

ఇరవై నిమిషాల సినిమా తయారైంది. నా పేరున ఒక ఛానెలు తెరిచి పెట్టాం. మేం అనుకోనంత మంది చూశారు. "అసలు కంపెనీవాళ్ళకంటే మీరే నయం" అని ఎవరో రాస్తే, డైరెక్టరు ఆ ముక్కని ఫొటో తీసి దాచుకున్నాడు. ఒక పొద్దున చూస్తే వీడియో ఉన్నచోట బూడిదరంగు పలక ఒకటి, హక్కుదారుల ఫిర్యాదు మేరకు తొలగించామని ఒక వాక్యం. "అంటే వాళ్ళు చూశారన్నమాట!" అని సంబరపడ్డాడు డైరెక్టరు. వాళ్ళు పిలిచి అవకాశం ఇస్తారని రెండు రోజులు ఫోను చేతిలోంచి దించలేదు. మూడోరోజు మా ఇంటికి రిజిస్టర్డ్ పోస్టు వచ్చింది.

నాన్న చేతులు రంగులో ఉన్నాయి. నన్నే చదవమన్నారు. పాత్ర, వేషం, సంగీతం సర్వహక్కులూ తమ క్లయింటువేనని, పదిహేను రోజుల్లో కాపీలన్నీ చెరిపేసి హామీ రాసివ్వకపోతే కోర్టుకి వెళ్తామని ఉంది. చదువుతూనే ఏడ్చేశాను. అది ఆఖరి సంవత్సరం. కేసు పడితే ఉద్యోగం ఎవరిస్తారు?

మర్నాడు ఇద్దరూ పెడన వచ్చారు. డైరెక్టరు నోటీసు చదివి బల్ల మీద కొట్టాడు.

"మనం తగ్గకూడదు మావయ్యగారూ! (మా వైపు ఎవరికెవరైనా మావయ్యలే, వేరే అర్థాలు వెతక్కండి.) వాళ్ళు గాలికొదిలేసిన కథని మేం బతికించామండీ. సన్మానం చేయాల్సింది పోయి నోటీసా?"

"నిజమే బాబూ, ఇష్టంకొద్దీ చేశారు. మరి ముందు వాళ్ళకో ఉత్తరం ముక్క రాశారా?" అన్నారు నాన్న.

"రాస్తే ఒప్పుకోరండీ."

"ఒప్పుకోరని తెలిసే తీశారన్నమాట." నాన్న నా వైపు తిరిగారు. "బందర్లో చీరల షాపు గుర్తుందా అమ్మాయ్?"

గుర్తులేకపోవడమేం! నాన్న నెల్లాళ్ళు కూర్చుని గీసి అచ్చు చెక్కించిన చిలకల తీగని ఏదో మిల్లువాళ్ళు దించేసి, పాలిస్టరు చీరల మీద మిషనుతో అచ్చేశారు. నాకు పదిహేనేళ్ళప్పుడు ఆ చీర షాపులో కనపడితే, "ఇది మా నాన్నది!" అని అందరి ముందూ అరిచి ఏడ్చాను.

"అది వేరు నాన్నా. వాళ్ళు అమ్ముకున్నారు. మేం అమ్ముకోలేదుగా."

"వేరే, కాదనను. కానీ నాకు ఆ రోజు బాధేసింది అమ్ముకున్నందుక్కాదమ్మా. 'ఏమండీ, ఇది మీదేనా' అని ఒక్కడూ వచ్చి అడగనందుకు."

అడగడం అనేసరికి నాకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. "నాన్నా, ముసుగు గుడ్డ మన షెడ్డులోదే."

నాన్న కళ్ళద్దాల పైనుంచి చూశారు. "అదీ అడక్కుండానేనా?"

"దాని శిక్ష నేను అనుభవించేశానండీ," అన్నాడు పొడుగు గబుక్కున.

నోటీసు మీదున్న నంబరుకి ఫోను చేశాను. ఎత్తింది ఒక లాయరుగారు, గొంతు వింటే ఆవిడకి మా అక్క వయసే ఉంటుందనిపించింది. నేను బట్టీపట్టిన ఇంగ్లీషు రెండో వాక్యంలోనే తెగిపోయింది. ఆవిడే తెలుగులోకి దిగి, చెరిపేసి సంతకం పెట్టి పంపితే ఇంక ఏ గొడవా ఉండదన్నారు. పెట్టేయబోతూ, "ఆ బురద సీను మా ఆఫీసులో అందరం చూశామండీ, నవ్వలేక చచ్చాం," అన్నారు. అది నవ్వించడానికి తీసింది కాదని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

ఫోన్లలో, కంప్యూటర్లో ఉన్నవన్నీ ఆ మధ్యాహ్నమే చెరిపేశాం. ఆఖరి కాపీ డైరెక్టరు దగ్గరుంది. ఎంతకీ వేలు కదల్లేదు. ముందు పొడుగుని నొక్కమన్నాడు, తర్వాత నన్ను నొక్కమన్నాడు, చివరికి కళ్ళు మూసుకుని తనే నొక్కి, మొహం కడుక్కుంటానని పెరట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు.

వచ్చాక నాన్న అడిగారు, "ఇంతకీ ఏం తీశారు మీరు? నేను చూడనేలేదు."

ఒక్క కాపీ కూడా లేదు. ముగ్గురం మొహాలు చూసుకున్నాం. తర్వాత ఎవరు మొదలుపెట్టారో గుర్తులేదు. పొడుగు అద్దకం బల్లల మధ్య కాళ్ళీడ్చుకుంటూ నడిచాడు. డైరెక్టరు నోటితోనే సంగీతం వాయించాడు. (అది సొంతంగా కట్టినదే, ఎవరూ అడగరు.) మిగతా వేషాలన్నీ నావే: పడవవాడు, ముసలమ్మ, దొంగలు నలుగురూ. షెడ్డులో పనివాళ్ళంతా అచ్చులు దించి చుట్టూ చేరారు. పొడుగు బురదలో దిగబడినచోట నాన్న కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. నాన్న అలా నవ్వడం నేను అదే మొదటిసారి చూడటం. ఆఖరి సీనులో వీరుడు వీధి గుమ్మం దాటి సముద్రంలోకి వెళ్ళిపోయాడు.

"బాగుంది," అన్నారు నాన్న. "కానీ చివర్లో వాణ్ణి ఎందుకు పంపేశారు? ఇక్కడే ఉంచేయొచ్చుగా?"

"వాడు మనవాడు కాదుగా నాన్నా," అన్నాను.

పెద్ద మాట అనేశానని ఆ పూటంతా మహా గర్వంగా తిరిగాను. నిజానికి కథ రాసిన రోజు అదేమీ ఆలోచించలేదు, ఎలా ముగించాలో తెలియక పంపేశాను. ఈ మధ్య నేను రాసినవి కూడా అచ్చవుతున్నాయి. ప్రతి పుస్తకం లోపలి పేజీలో సర్వహక్కులూ నావేనని అచ్చువేయించి, ఆ వాక్యం తప్పుల్లేకుండా ఉందో లేదో ముందు అదే చూసుకుంటాను. అది చూసినప్పుడల్లా, ఏ హక్కూ లేకుండా ఒకే మధ్యాహ్నం ఆరు వేషాలు వేసిన ఆ పెడన పిల్ల మీద నవ్వొస్తుంది. కొంచెం అసూయ కూడా.