పాడి అంటే పాడే అనుకున్నాను

మా అన్నయ్య హరనాథ్ ఢిల్లీ కంటోన్మెంటులో సుబేదారుగా ఉండగానే, ఘాజియాబాద్ దాటాక మురాద్‌నగర్ దగ్గర కొంచెం నేల కొన్నాడు. రిటైరయ్యాక రెండు గేదెలు పెట్టుకుని అక్కడే ఉంటానని ఎప్పుడూ అనేవాడు. రిటైరైన నాలుగో నెలలోనే పోయాడు. అప్పటికి షెడ్డుకు రేకులు పడ్డాయి, పక్కన ఒక గది లేచింది. అంతే.

మా వదిన మాణిక్యాంబ ఆ గదిలోకి మారిపోయింది. గుడివాడ దగ్గర పల్లెలో గేదెల మధ్య పెరిగిన మనిషి, పనికి వెరవదు. హిందీ మాత్రం రాదు. కంటోన్మెంటులో ఇన్నేళ్ళూ తెలుగు ఇళ్ళ మధ్యే గడిపేసింది. ఆవిడ తమ్ముడు శేషగిరి ఊరి నుంచి ఫోన్ చేసి, "దసరాకి వస్తాను. షెడ్లో పాలు కనిపిస్తే ఉండు అక్కయ్యా. లేకపోతే నాతో వచ్చెయ్యి. నిన్నొక్కదాన్నీ అక్కడ వదలను" అన్నాడు.

గేదెను కొనాలంటే హిందీ కావాలి, ఆ పని నాకు పడింది. ఢిల్లీలో సరోజినీ నగర్ క్వార్టర్లో ఉంటాను. చదివింది ఐదో క్లాసు, కూరల బండ్ల దగ్గర నేర్చుకున్న హిందీ నాది. అల్వర్ వైపు గేదెలమ్మే మనిషి ఒకడు ఫోన్లో గేదె ఫోటో పంపాడు. నల్లగా నిగనిగలాడుతోంది. ముందు వైపు నుంచి తీసిన ఫోటో.

"పొదుగు కనపడట్లేదు. పాలిస్తోందో లేదో అడుగు ఉమా" అంది వదిన.

నేను "భయ్యా, దూధ్" అనేలోపే అతను, "పాడీ హై దీదీ, బఢియా పాడీ హై" అన్నాడు.

"పాడిగేదేనట వదినా. వాళ్ళూ పాడి అనే అంటారు."

ధర తక్కువ చెబితే మా అదృష్టం అనుకున్నాం.

దసరాకి వారం ముందు ట్రక్కు వచ్చింది. వదిన కుడితి బకెట్‌తో ఎదురెళ్ళి, దించిన గేదె వెనక వంగి చూసి, బకెట్ కింద పెట్టేసింది.

"ఇది పడ్డ ఉమా. ఇంకా ఈననే లేదు."

డ్రైవర్‌ని అడిగితే నవ్వాడు. వాళ్ళ వైపు పాడీ అంటే ఈనని ఆడదూడేనట.

"మన పడ్డ లాంటి మాటే కదే అది. దాన్ని వదిలేసి ఇంకోటి పట్టుకున్నావు" అంది వదిన. తిట్టినా బాగుండేది.

దసరా వచ్చింది. శేషగిరి రాగానే తప్పు నాదని చెప్పేశాను.

"మా బావ ఇన్నేళ్ళూ సరిహద్దు కాశాడు. మీరు ఒక్క మాట కాయలేకపోయారు చెల్లెమ్మా" అని, అతను షెడ్లోకి వెళ్ళి పడ్డ నోరు తెరిచి చూశాడు. "రెండు పళ్ళు వేసింది, ఈడుకొచ్చినట్టే. చలికాలంలో ఎదకొచ్చి అరుస్తుంది. శివరాత్రికి చూలు నిలిస్తే సరే. లేదంటే దీన్ని అమ్మేసి బయల్దేరు అక్కయ్యా."

"అలాగే" అంది వదిన.

అప్పటి నుంచి రోజూ పొద్దున్నే ఫోన్ చేసేదాన్ని.

"అరిచిందా వదినా?"

"లేదు. నీళ్ళు తాగింది, మేత తింది, నన్ను చూసింది. అంతే."

డిసెంబరు అయిపోయింది. పొగమంచులో పడ్డకు గోనె కప్పి, అన్నయ్య పచ్చ స్వెట్టరు తాను వేసుకుని తిరిగేది వదిన. దూరం నుంచి చూస్తే ఒక్క క్షణం అన్నయ్యే అనిపించేది. దగ్గరికి వెళ్ళబుద్ధయ్యేది కాదు.

జనవరి చివర ఒక పొద్దున వదినే ఫోన్ చేసింది. పడ్డ ఒకటే అరుస్తోంది, మేత ముట్టలేదు. ఎదో, జబ్బో. నేను మెట్రో ఎక్కి, ఆటో మారి చేరేసరికి పశువుల డాక్టరు చూలు నిలవడానికి సూది వేసి చేతులు కడుక్కుంటున్నాడు. ఎదేనట. చూలు నిలిచిందో లేదో మూడు నెలలు పోతేగాని చెప్పలేనన్నాడు.

శివరాత్రి మూడు వారాల్లో ఉంది.

"శేషగిరి ఒప్పుకుంటాడంటావా?" అన్నాను.

వదిన అక్కడే నిలబడి ఫోన్ కలిపింది. "ఒరేయ్, సూది వేయించాను. నిలిస్తే నిలుస్తుంది, లేకపోతే మళ్ళీ వేయిస్తాను. నువ్వు నాకు టికెట్ తీయకు."

అతనేమన్నాడో నాకు వినపడలేదు. వదిన ఫోన్ కొంగున దోపుకుని పేడ ఎత్తడానికి వెళ్ళిపోయింది.

నాకు ధైర్యం రావాల్సింది, వదిన ఇక ఇక్కడ ఒక్కతే అని భయం పట్టుకుంది. వెనక వైపు కంచె ఇంకా వేయలేదు. గది తలుపుకు గడియ సరిగ్గా పడదు. ఇన్ని రోజులూ పడ్డ సంగతే తప్ప ఇదెవరికీ పట్టలేదు. గడియ బిగించే మనిషి దొరుకుతాడేమోనని రోడ్డు మీదికి నడిచాను.