ఫాంట్లు పోయిన రోజు

నా కంప్యూటర్‌కి ఫార్మాట్ కొట్టింది నేనే. ఇంకెవరినీ అనడానికి లేదు. నర్సీపట్నంలో ఆఫీసుల వీధిలో ఇరవై రెండేళ్లుగా డీటీపీ సెంటరు నడుపుతున్నదాన్ని, ఆ మాత్రం నాకు రాదా అన్న పొగరు. ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని, ఫోన్‌లో వీడియో పెట్టుకుని, వాడు ఏది నొక్కమంటే అది నొక్కాను. అంతకుముందే నా ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నాను. అర్జీలు, అఫిడవిట్లు, అద్దె కాగితాలు, పెళ్లి కార్డులు, ఒక్కటీ వదల్లేదు. సాయంత్రానికి తెర మీద ఒక్క బొమ్మ లేకుండా ఖాళీగా తెరుచుకున్న కంప్యూటర్‌ని చూసి, ఇల్లంతా కడిగి ముగ్గేసినంత సంతోషపడ్డాను.

సోమవారం పొద్దున్న మిగతా పనులు మొదలుపెట్టాను. పదేళ్లుగా దాని పక్కనే కూర్చున్న ప్రింటర్‌ని అది గుర్తుపట్టలేదు. డ్రైవర్ కావాలంది. డ్రైవర్ దించుకోవాలంటే నెట్ కావాలి. ఫోన్ నుంచి నెట్ ఇచ్చానో లేదో, నన్నడక్కుండా అప్‌డేట్లు లాగడం మొదలెట్టింది. పది శాతం, పదకొండు శాతం, దయచేసి ఆపవద్దు. దయచేసి అంటూనే నా నెత్తిన కూర్చుంది. నాకసలే ఓపిక తక్కువ.

ఒకామె షాపులోకి వచ్చేసరికి పదకొండుంపావు. ముప్పై ఏళ్లుంటాయేమో. ఏజెన్సీ కొండల నుంచి మొదటి బస్సు పట్టుకుని వచ్చిందట, చీర అంచంతా ఎర్రదుమ్ము.

"మేడమ్, పోయినేడు మా నాన్న మీ కాడే అర్జీ రాయించాడండి. కొండమీద మా జీడితోట పట్టా కోసం. ఆ అర్జీ నకలు కావాలండి, బేగి."

ఆయన గుర్తున్నాడు. పొట్టిగా, తలకి తువ్వాలు చుట్టుకుని, ఎంత కూర్చోమన్నా కుర్చీ అంచు మీదే కూర్చున్న మనిషి. "మరి ఆయన రాలేదేం?" అన్నాను.

"పోయాడండి. మూడు నెల్లయింది."

రెవెన్యూ ఆఫీసు వాళ్లు పంపిన చీటీ నా ముందు పెట్టింది. అర్జీలో రాసిన హద్దులు భూమి మీద సరిపోలేదనీ, ఈ రోజు మధ్యాహ్నం ఒంటిగంటలోగా అర్జీ నకలుతో హాజరై తేడా ఎక్కడుందో చెప్పుకోకపోతే దరఖాస్తు మూసేస్తామనీ ఉంది. ఇంట్లో ఉన్న కాపీ వానలకి చూరు కారి, ముద్దయిపోయిందట. ఆ తోట తప్ప వాళ్లకి ఇంకేమీ లేదట.

"ఐదు నిమిషాలమ్మా, కూర్చో," అన్నాను ధీమాగా.

పెన్‌డ్రైవ్ పెట్టాను. ఆయన పేరుతో ఫైలుంది. తెరిచాను. తెర నిండా పిచ్చి గీతలు. ఇంగ్లీషు అక్షరాలు, వాటి నెత్తిన చుక్కలు, మధ్యలో డాలరు గుర్తులు. తెలుగు అక్షరం మందుకైనా లేదు. ఇంకో ఫైలు తెరిచాను, అదీ అంతే. పెళ్లికార్డు తెరిచాను, పెళ్లికూతురి పేరు చోట సెమీకోలన్లు.

ఫైళ్లు దాచుకున్నాను గానీ ఫాంట్లు దాచుకోలేదు. అవి వేరే ఫోల్డర్లో ఉంటాయి, ఫార్మాట్‌తో తుడిచిపెట్టుకుపోతాయి. మా పాత డీటీపీ వాళ్లం కొట్టే తెలుగు లోపల్లోపల తెలుగు కాదు. లోపలున్నవి ఇంగ్లీషు అక్షరాలే, వాటికి తెలుగు ముసుగు వేసేది ఫాంటు. ఫాంటు పోతే ముసుగు పోయింది, అంతే. ఆ ఫాంట్లు ఎప్పుడో సీడీలో కొన్నవి. సీడీ బీరువాలో ఉంది, ఈ కంప్యూటర్‌కి సీడీ పెట్టే సందే లేదు. వీధి చివర షాపాయనకి ఫోన్ చేశాను. ఆయనతో రెండేళ్లుగా మాటల్లేవు, అయినా చేశాను. "ఆ పాత ఫాంట్లు ఎప్పుడో తీసిపారేశానండీ, ఇప్పుడంతా యూనికోడే కదా," అన్నాడు తాపీగా. ఒళ్లు మండిపోయింది.

నెట్లో వెతుకుదామంటే అప్‌డేట్ ముప్పై నాలుగు శాతం దగ్గర బైఠాయించింది. గడియారం పన్నెండుకి పదినిమిషాలు తక్కువ చూపిస్తోంది. చేతకానితనం బయటపడినప్పుడు మనిషికి నోరు లేస్తుంది. నాకూ లేచింది.

"ఇదంతా హద్దులు సరిగ్గా సెప్పకపోబట్టి కదమ్మా! పెద్దాళ్లు ఏదో ఒకటి సెప్తారు, మేం రాస్తాం. తర్వాత కలవలేదంటే ఎవర్నని ఏం లాభం?"

ఆమె తల దించుకుంది. "ఆయనుండగా కొలతలకొచ్చి కలవలేదన్నప్పుడు ఇంట్లోనూ అందరూ ఆయన్నే అన్నారండి," అంది.

ఏం చెయ్యాలో తోచక, ఆ పిచ్చి గీతల ముందు కూర్చుని కీబోర్డు మీద చేతులు పెట్టాను. మొదటి గీత చూశాను. ఆ ఇంగ్లీషు అక్షరం ఏ మీట మీదుందో నా వేలు అక్కడికి వెళ్లింది. రెండోది, మూడోది. నాలుగో మీట దగ్గర నా వేళ్లకి తెలిసిపోయింది. "మహారాజశ్రీ" అది! ఇరవై రెండేళ్లుగా రోజుకి ఇరవైసార్లు కొట్టిన మాట. కళ్లకి అది పిచ్చిరాత, వేళ్లకి మాత్రం తెలుగే. తెర మీద ఉన్నదాన్ని మళ్లీ కొడుతున్నట్టు వేళ్లు ఆడిస్తే ఒక్కో మాట నోటికి వచ్చేస్తోంది. ఆనందం పట్టలేక గట్టిగా నవ్వేశాను. ఆమె బెదిరిపోయి చూసింది.

"నీకు రాతొచ్చా?"

"టెన్తు దాకా సదివానండి."

"అయితే తెల్లకాగితం తీసుకో. నా రెండు చేతులూ ఖాళీ ఉండవు. నేను సెప్తాను, నువ్వు రాయి. ప్రింటరూ లేదు, దాని మొహమూ లేదు."

అలా మొదలుపెట్టాం. నా పది వేళ్లూ మీటల మీద తడుముకుంటూ పోతున్నాయి, నేను పైకి చదువుతున్నాను, ఆమె పంటిబిగువున రాస్తోంది. ఒత్తులొచ్చిన చోట నేను ఆగిపోతున్నాను, వెనక్కెళ్లి మళ్లీ వేళ్లాడించి పట్టుకుంటున్నాను. సగం పేజీకి పన్నెండుంపావు. చెమటలు కారుతున్నాయి, ఫ్యాన్ తిరుగుతూనే ఉంది.

"నా తాత, తండ్రి నాటి నుంచి సాగు చేసుకుంటున్న జీడితోట," అన్నాను. ఆమె రాసింది. "హద్దులు. తూర్పు, గెడ్డ." కొండవాగుని అక్కడ గెడ్డ అంటారు. "ఔనండి," అంది. "దక్షిణం, మా అన్న జీడితోట." "ఔనండి." "పడమర, రాళ్లకట్ట." "ఔనండి, మా తాత పేర్సిందే."

"ఉత్తరం," అన్నాను. వేళ్లు ఆడాయి. మళ్లీ ఆడించాను, మొదట్నించి. అదే వచ్చింది. "ఉత్తరం, పంటకాలువ."

ఆమె కలం ఆపింది. "కొండమీద పంటకాలవేటండి?"

నేను తెర మీద ఆ లైను కింద వేలు పెట్టి ఇంకోసారి చూశాను.

"ఆ పక్క నల్లబండ కదండీ. ఊళ్లో సిన్నపిల్లకైనా తెలుసు. మా నాన్న ఎందుకలా సెప్పాడో. ఆయనకి మతి బాగానే ఉండేదండి, ఆకర్న కూడా."

నాకు తెలిసిపోయింది. ఎందుకంటే మేమెవరమూ అర్జీని మొదట్నించి కొట్టం. పాత అర్జీ ఒకటి తెరుస్తాం, కొత్త పేరుతో సేవ్ చేస్తాం, పేర్లూ నంబర్లూ మార్చేస్తాం, పావుగంటలో ప్రింటు చేతిలో పెడతాం. అలా అయితేనే రోజుకి ఇరవై మంది అవుతారు. ఆ రోజు ఆయన కంటే ముందు గొలుగొండ రైతు ఒకాయన వచ్చాడు, చెరకు చేను, పక్కనే పంటకాలువ. ఆ అర్జీ మీదే ఈయనది కొట్టాను. మూడు హద్దులు మార్చాను, నాలుగోది మార్చలేదు. ఫోన్ మోగిందో, కరెంటు పోయిందో, ఎవరైనా తొందరపెట్టారో, నాకు గుర్తులేదు.

చెప్పకపోయినా ఏమీ కాదు. ఆఫీసులో ఆమె మా నాన్న పొరపాటున చెప్పాడంటే సరిపోతుంది, వాళ్లూ అలాగే రాసుకుంటారు, నల్లబండ అని దిద్దుకుంటారు. చనిపోయిన మనిషిని ఎవరు అడుగుతారు? నిజం చెప్పొద్దూ, నేను అదే అనుకున్నాను. "రాసుకో అమ్మా, టైమైపోతోంది," అన్నాను.

ఆమె పంటకాలువ అని రాసింది. ఇంక చివరి రెండు లైన్లు. నా వేళ్లు వాటిని చూడకుండానే పరుగెత్తాయి, ప్రతి కాగితం కిందా ఉండేవే కదా. "పై విషయాలన్నీ నాకు చదివి వినిపించగా విని, సరియని ఒప్పుకుని వేలిముద్ర వేసితిని."

అక్కడ ఆగిపోయాను. చదివి వినిపించగా. ఎవరు చదివారు? ఎప్పుడు వినిపించాను? ఇరవై రెండేళ్లలో వేలిముద్ర వేసే ఏ ఒక్క మనిషికీ నేను ఆ కాగితం చదివి వినిపించలేదు. ఆ లైను మాత్రం ఏనాడూ కొట్టడం మానలేదు. ఆ రోజు ఒక్క నిమిషం చదివి ఉంటే, కొండమీద పంటకాలవేటండీ అని ఆయనే నవ్వి ఉండేవాడు.

"అమ్మా, ఆయన అలా సెప్పలేదు," అన్నాను. "నల్లబండ అనే సెప్పుంటాడు. ఆ కాలువ నా తప్పు. ఇంకొకాయన అర్జీలోది మార్చకుండా ఉంచేశాను."

తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే నాకూ తేలికయ్యేది, తిరిగి రెండు మాటలనేదాన్ని. ఆమె కలం కింద పెట్టింది.

"అయితే మా నాన్న సరిగ్గానే సెప్పాడన్నమాట," అంది.

నాకు సిగ్గేసింది. సిగ్గు కూడా చిన్నమాట. ఇంకో తెల్లకాగితం లాక్కున్నాను. ఏళ్ల తరబడి సంతకం తప్ప చేత్తో ఏమీ రాయని చెయ్యి, అక్షరాలు అడ్డదిడ్డంగా పోతున్నాయి. ఫలానా అర్జీలో ఉత్తరపు హద్దు అర్జీదారు చెప్పింది కాదనీ, టైపు చేసిన నా పొరపాటనీ, కావాలంటే వచ్చి చెబుతాననీ రాసి, నా పేరు, సంతకం, షాపు స్టాంపు వేశాను. ఈసారి అడక్కముందే పైకి చదివాను, ప్రతి మాటా.

పన్నెండు ముప్పావు అయింది. "పరిగెత్తు," అన్నాను. లేచింది, రెండు కాగితాలూ మడిచి జాకెట్లో పెట్టుకుంది. గడప దాటి ఆగింది.

"మేడమ్, మీరు రాసిన కాయితం లాంటిదే ఇంకోటి రాసి ఉంచుతారేటండి? ఆఫీసు నుంచి వచ్చి పట్టుకెల్తాను."

"ఇంకోటెందుకు? ఆఫీసుకి ఒకటి చాలు."

"ఆఫీసుకి కాదండి, మా యమ్మకి. నీ నోటి మూలంగా తోట పోయిందని ఆయన్ని తిట్టీది. పోయిన రోజు పొద్దున్న కూడా తిట్టిందండి. ఇంటికెల్లి సదివి యినిపించాలి."

ఆమె ఆఫీసు వైపు పరుగెత్తింది. తెర మీద అప్‌డేట్ పూర్తయిందనీ, అంతా సిద్ధంగా ఉందనీ రాసుంది. నేను దాని వైపు చూడకుండా ఇంకో కాగితం తీశాను. మొదటిది పది నిమిషాల్లో రాశాను. రెండోది రాయడానికి, ఆమె తిరిగొచ్చేదాకా పట్టింది.